షుగర్ కిడ్నీ అనుకున్న బయాప్సీలో కప్పా లైట్ చెయిన్ జబ్బు: నాడ్యూల్ ఉన్న గ్లోమెరులస్‌ను చదివే తీరు

రోగి, బయాప్సీకి ముందు తెలిసిన సంగతులు

లైట్ చెయిన్ అంటే యాంటీబాడీలోని చిన్న ప్రొటీన్ గొలుసు; కప్పా, లాంబ్డా దాని రెండు రకాలు. రోగి 56 ఏళ్ల పురుషుడు. ఏడేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ. రెండూ మాత్రలతోనే అదుపులో ఉన్నాయి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.8 శాతం. ఆరు నెలల కిందట 1.3 ఉన్న క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) ఇప్పుడు 3.4 మి.గ్రా. రెండు కాళ్లకూ వాపు. 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 5.6 గ్రాములు, సీరం ఆల్బుమిన్ 2.6. మూత్రంలో ఎర్ర కణాలు హై పవర్ ఫీల్డుకు 8–10. ఎర్ర కణాల కాస్ట్‌లు (కిడ్నీ సన్నగొట్టాల్లో, అంటే ట్యూబ్యూల్స్‌లో, అచ్చుకట్టిన ముద్దలు) లేవు. రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్‌లు సీ3, సీ4 మామూలుగా ఉన్నాయి. కిడ్నీని దెబ్బతీసే ఇతర జబ్బుల కోసం చేసిన ఏఎన్ఏ, ఆంకా, హెపటైటిస్ బీ, సీ, పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ పరీక్షలు అన్నీ నెగెటివ్. హిమోగ్లోబిన్ 9.4. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు రెండూ 11 సెం.మీ. కంటి పరీక్షలో రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) జాడ లేదు. రక్తంలోని ప్రొటీన్‌లను విడదీసి చూసే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎం బ్యాండ్ (ఒకే క్లోన్, అంటే ఒకే కణం నుంచి పుట్టిన ప్లాస్మా కణాల గుంపు, తయారుచేసే ప్రొటీన్ గుర్తు) కనబడలేదని రిపోర్టు.

బయాప్సీ ఫారంలో రాసి పంపిన అనుమానం డయాబెటిక్ నెఫ్రోపతీ, అంటే షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతినడం. టైప్ 2 షుగర్‌లో రెటినోపతీ లేనంత మాత్రాన కిడ్నీలో షుగర్ జబ్బు లేదని చెప్పలేం. కానీ ఇంత అదుపులో ఉన్న షుగర్‌తో ఆరు నెలల్లో క్రియాటినిన్ రెండున్నర రెట్లు పెరగడం ఆ జబ్బు నడక కాదు. బయాప్సీ చేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

కోర్‌ను పంచడం

16 గేజ్ సూదితో రెండు కోర్‌లు (సన్నటి కిడ్నీ ముక్కలు) తీశారు. రెండింటినీ సెలైన్ చుక్క వేసిన గాజు పలక మీద పెట్టి డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద చూస్తే కార్టెక్స్‌లో (కిడ్నీ బయటి భాగం) గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడకట్టే సన్నటి రక్తనాళాల ఉండలు) ఎర్రటి చిన్న బొడిపెల్లా కనబడతాయి. మెడుల్లాలో (కిడ్నీ లోపలి భాగం) అవి ఉండవు. గీతలు గీతలుగా ఉంటుంది. కార్టెక్స్ చివర నుంచి ఒక్కొక్క మిల్లీమీటరు ముక్కలు రెండు కోసి గ్లూటరాల్డిహైడ్‌లో వేశారు, అవి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి. నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క మిషెల్స్ ద్రావణంలోకి, ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి (వెలుగునిచ్చే యాంటీబాడీలతో ప్రొటీన్‌లను గుర్తించే పద్ధతి). మిగిలినదంతా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లోకి.

ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. ఫార్మలిన్ తగిలిన ఫోర్‌సెప్స్‌తోనే ఫ్లోరెసెన్స్ ముక్కను ఎత్తితే ఆ చివర వెలుగు పోతుంది. కాబట్టి ఫ్లోరెసెన్స్ ముక్కను ముందు వేరుచేయాలి, ఫిక్సేటివ్ సీసాల దగ్గరికి ఆ తర్వాతే వెళ్లాలి. గాజుగుడ్డ మీద పెడితే కోర్ ఎండుతుంది, నలుగుతుంది. మిషెల్స్ నుంచి తీసిన ముక్కను బఫర్‌లో పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడగాలి. అందులోని అమ్మోనియం సల్ఫేట్ పూర్తిగా పోకపోతే ముక్క సరిగా గడ్డకట్టదు, సెక్షన్ నిండా వెనకవెలుగు పేరుకుంటుంది. ఈ కేసులో ఆ వెనకవెలుగు ఉండి ఉంటే ట్యూబ్యూల్ గోడ మీది సన్నటి గీత అందులో కలిసిపోయేది. రోగనిర్ధారణ అంతా ఆ గీత మీదే నిలబడింది.

పారఫిన్ బ్లాకు నుంచి 2–3 మైక్రాన్ల మందంతో వరుస సెక్షన్లు తీసి హెచ్ అండ్ ఈ, పీఏఎస్, మెథెనమిన్ సిల్వర్, మాసన్ ట్రైక్రోమ్ అనే స్టెయిన్‌లు (రంగులు) వేశారు. మధ్యమధ్యలో ఆరు స్లైడులు స్టెయిన్ చేయకుండా పక్కన పెట్టారు. కాంగో రెడ్‌కి (అమైలాయిడ్ అనే అసాధారణ ప్రొటీన్ పోగును పట్టే స్టెయిన్) మాత్రం 8–10 మైక్రాన్ల మందం తీసుకోవాలి. సన్నటి సెక్షన్‌లో కొద్దిపాటి అమైలాయిడ్ ఉంటే దొరకదు, నెగెటివ్ అని రాసేస్తాం.

లైట్ మైక్రోస్కోపీలో కనబడినది

మొత్తం 19 గ్లోమెరులస్‌లు. మూడు పూర్తిగా గట్టిపడిపోయాయి. మిగిలిన పదహారింటిలోనూ మెసాంజియం (క్యాపిలరీలను పట్టి ఉంచే మధ్య కణజాలం) ఉబ్బి నాడ్యూల్స్ (గుండ్రటి గడ్డలు) కట్టింది. తక్కువ పవర్‌లో చూసినవారికి వెంటనే నోటికొచ్చే పేరు కిమ్మెల్‌స్టీల్–విల్సన్. 1936లో వాళ్లిద్దరూ వర్ణించినప్పటి నుంచి గుండ్రటి నాడ్యూల్ కనబడితే షుగర్ అనడం చేతికి అలవాటైపోయింది. అందులోనూ ఫారం మీద షుగర్ అని రాసుంటే ఆ మాట దాటి చూడటానికి గట్టి ప్రయత్నమే కావాలి.

ఒక గ్లోమెరులస్‌ను దగ్గరగా చూద్దాం. పీఏఎస్‌లో ఆరేడు నాడ్యూల్స్ ఉన్నాయి. అన్నీ ముదురు గులాబీ రంగులో, దాదాపు ఒకే సైజులో ఉన్నాయి. నాడ్యూల్ అంచున మెసాంజియల్ కణాల కేంద్రకాలు కొన్ని ఎక్కువగా, వలయంలా పేర్చినట్టున్నాయి. నడిమధ్య కణాలు తక్కువ. క్యాపిలరీలు అంచులకు నెట్టుకుపోయాయి గానీ బెలూన్‌లా ఉబ్బలేదు. క్యాపిలరీ గోడ కాస్త మందం. రెండు గీతలుగా చీలిన చోట్లు ఒకటి రెండు. క్రెసెంట్‌లు (గ్లోమెరులస్ చుట్టూ నెలవంకలా పేరుకున్న కణాలు) లేవు. బౌమన్ క్యాప్సూల్ (గ్లోమెరులస్ చుట్టూ ఉన్న తొడుగు) లోపలి వైపు మెరిసే హయలిన్ (గాజులా కనబడే ప్రొటీన్) బొట్టు లేదు. పక్క గ్లోమెరులస్‌కి వెళ్లినా ఇదే బొమ్మ, దాని పక్కదీ అంతే.

అనుమానం మొలకెత్తింది ఈ ఒకేలాంటి తనంలోనే. షుగర్ జబ్బు గ్లోమెరులస్‌లను సమానంగా పట్టదు. ఒకదాంట్లో పెద్ద నాడ్యూల్ ఉంటే పక్కదాంట్లో మెసాంజియం కొంచెం వెడల్పై ఊరుకుంటుంది. ఒకే గ్లోమెరులస్‌లో కూడా ఒక నాడ్యూల్ పెద్దది, మరొకటి చిన్నది. మెసాంజియం కరిగి క్యాపిలరీ పట్టు తప్పి ఉబ్బిన మైక్రో ఎన్యూరిజంలు, క్యాప్సులర్ డ్రాప్, ఫైబ్రిన్ క్యాప్, అన్నిటికంటే ముఖ్యంగా అఫరెంట్ (గ్లోమెరులస్‌లోకి రక్తం తెచ్చే), ఎఫరెంట్ (బయటికి తీసుకెళ్లే) ఆర్టీరియోల్స్ రెండింటిలోనూ హయలిన్ పేరుకోవడం ఉంటాయి. బీపీ వల్ల వచ్చే హయలిన్ అఫరెంట్ వైపే ఎక్కువ. ఈ బయాప్సీలో అఫరెంట్ ఆర్టీరియోల్స్ కొన్నింటిలో కొద్దిగా హయలిన్ ఉంది, ఎఫరెంట్ మీద లేదు. నాడ్యూల్ కట్టేంత ముదిరిన షుగర్ జబ్బులో ఎఫరెంట్ ఆర్టీరియోల్ శుభ్రంగా ఉండటం పొసగని సంగతి.

ఇక సిల్వర్. నాడ్యూల్స్‌ను విడదీయడంలో దీనికి సాటివచ్చే మామూలు స్టెయిన్ మరొకటి లేదు. షుగర్ నాడ్యూల్ అంటే పెరిగిన మెసాంజియల్ మ్యాట్రిక్సే, కొలాజెన్ 4తో సహా. మెసాంజియం మళ్లీ మళ్లీ కరిగి, మళ్లీ మళ్లీ అతుక్కోవడం వల్ల పొరలు పొరలుగా తయారవుతుంది. అందుకే సిల్వర్‌ను గట్టిగా పట్టుకుంటుంది. నల్లటి నాడ్యూల్‌లో ఉల్లిపాయను కోసినట్టు వలయాలు కనబడతాయి. ఈ రోగిలో నాడ్యూల్స్ సిల్వర్‌ను సరిగా పట్టలేదు: బేస్‌మెంట్ మెంబ్రేన్ (కణాల కింద ఉండే పలుచటి పొర) నల్లటి గీతలా స్పష్టంగా ఉండగా నాడ్యూల్ మధ్యభాగం బూడిద కలిసిన గులాబీగా మిగిలిపోయింది, వలయాలు లేవు. మ్యాట్రిక్స్‌తో పాటు మరేదో పదార్థం అక్కడ చేరిందని దీని అర్థం.

సిల్వర్‌ను నమ్మాలంటే స్టెయిన్ సరిగా పడాలి. సెక్షన్ మూడు మైక్రాన్లు దాటినా, వేడి ద్రావణంలో ఎక్కువసేపు ఉంచినా అన్నీ నల్లబడతాయి. అప్పుడు ఏ నాడ్యూల్ అయినా షుగర్ నాడ్యూల్‌లాగే కనబడుతుంది. గ్లోమెరులస్ బేస్‌మెంట్ మెంబ్రేన్ సన్నగా, గట్టి నలుపులో తేలి, వెనక రంగు శుభ్రంగా ఉన్న క్షణంలో ఆపాలి. అందుకు రెండు మూడు నిమిషాలకోసారి స్లైడు తీసి మైక్రోస్కోప్ కింద చూసుకోవడం తప్ప దారి లేదు.

రెండో ఆధారం ట్యూబ్యూల్స్ దగ్గర దొరికింది. పీఏఎస్‌లో ట్యూబ్యూల్ బేస్‌మెంట్ మెంబ్రేన్‌లు రిబ్బన్ చుట్టినట్టు మందంగా, మెరుస్తూ ఉన్నాయి. కుంచించుకుపోయిన ట్యూబ్యూల్ చుట్టూ గోడ మందంగా ఉండటం మామూలే, దానికి విలువ లేదు. చూడవలసింది ఆరోగ్యంగా ఉన్న ట్యూబ్యూల్ గోడ. ఇక్కడ బాగున్న ట్యూబ్యూల్స్ చుట్టూ కూడా ఆ రిబ్బన్ ఉంది. షుగర్‌లోనూ ఈ గోడ మందమవుతుంది కాబట్టి ఇదొక్కటే తీర్పు చెప్పదు. సిల్వర్‌తో కలిపి చదివితేనే బలం. ఇంటర్‌స్టీషియల్ ఫైబ్రోసిస్ (ట్యూబ్యూల్స్ మధ్య జాగాలో మచ్చకట్టడం), ట్యూబ్యూల్ అట్రోఫీ (కుంచించుకుపోవడం) సుమారు 30 శాతం. పగుళ్లు పట్టి, పీఏఎస్ పట్టకుండా, చుట్టూ జెయింట్ సెల్స్ చేరిన కాస్ట్‌ల కోసం ప్రత్యేకంగా వెతికారు, లేవు. మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) వల్ల వచ్చే కాస్ట్ నెఫ్రోపతీ కూడా కలిసి ఉంటే నాడ్యూల్స్ బాగా కట్టకముందే కిడ్నీ దెబ్బతింటుంది, గ్లోమెరులస్‌లు దాదాపు మామూలుగా కనబడి మోసం చేస్తాయి.

నాడ్యూల్ కట్టే మిగతా జబ్బులు

అమైలాయిడ్‌లో నాడ్యూల్ పాలిపోయి ఉంటుంది. పీఏఎస్ అంతంతమాత్రం, సిల్వర్ అసలు పట్టదు, కణాలు ఉండవు, పత్తి ఉండలా ఆకారం లేకుండా పరుచుకుంటుంది. క్యాపిలరీ గోడ బయటికి చొచ్చుకొచ్చిన చోట సిల్వర్‌లో పొడవాటి ఈకల్లాంటి ముళ్లు కనబడతాయి. వీటిని మెంబ్రేనస్ నెఫ్రోపతీ ముళ్లతో కలిపేయకూడదు. అవి పొట్టిగా, దువ్వెన పళ్లలా వరుసగా ఉంటాయి. కాంగో రెడ్‌లో ఇటుక రంగు, పోలరైజ్డ్ వెలుగులో యాపిల్ ఆకుపచ్చ మెరుపు రెండూ ఉండాలి. తెల్లటి వెండి మెరుపు కొలాజెన్‌ది, దాన్ని పాజిటివ్ అనకూడదు. ఈ కేసులో నాడ్యూల్స్, ఆర్టీరియోల్స్, ఇంటర్‌స్టీషియం మూడు చోట్లా కాంగో రెడ్ నెగెటివ్. పక్కనే నడిపిన కంట్రోల్ స్లైడు పాజిటివ్.

మెంబ్రేనోప్రొలిఫరేటివ్ రకం గ్లోమెరులోనెఫ్రైటిస్ (గ్లోమెరులస్ వాపు జబ్బు) ముదిరితే లోబ్యూల్స్ గట్టిపడి నాడ్యూల్స్‌లా కనబడతాయి. అక్కడ కణాలు కిక్కిరిసి ఉంటాయి, సిల్వర్‌లో రైలు పట్టాల్లా జంట గీతలు చాలా చోట్ల ఉంటాయి, ఫ్లోరెసెన్స్‌లో సీ3 గింజల్లా మెరుస్తుంది. ఈ రోగిలో జంట గీతలు అక్కడక్కడే ఉండటంతో, సీ3 కూడా దాదాపు లేకపోవడంతో ఇది వెనక్కి పోయింది. ఎక్కువ కాలం పొగతాగినవారిలో, బీపీ ఉన్నవారిలో షుగర్ లేకుండానే అచ్చం షుగర్ నాడ్యూల్ లాంటిదే రావచ్చు. అది సిల్వర్‌ను పట్టుకుంటుంది, లైట్ చెయిన్ ఉండదు. ఫైబ్రిలరీ, ఇమ్యునోటాక్టాయిడ్ జబ్బుల మాట ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర వస్తుంది.

ఇమ్యునోఫ్లోరెసెన్స్

ఫ్రోజెన్ ముక్కలో ఆరు గ్లోమెరులస్‌లు. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ, ఫైబ్రినోజెన్, ఆల్బుమిన్, కప్పా, లాంబ్డా వేశారు. ఫలితం: ట్యూబ్యూల్ బేస్‌మెంట్ మెంబ్రేన్‌ల పొడవునా కప్పా గీత గీసినట్టు 3+. నాడ్యూల్స్‌లో, గ్లోమెరులస్ బేస్‌మెంట్ మెంబ్రేన్ మీద 2+. ఆర్టీరియోల్ గోడలో కూడా ఉంది. లాంబ్డా ఎక్కడా లేదు. ఐజీజీ, ఆల్బుమిన్ గ్లోమెరులస్ గోడ మీద చాలా పలుచగా, ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి.

ఆల్బుమిన్ స్లైడు లేకుండా షుగర్ ఉన్న రోగి ఫ్లోరెసెన్స్ చదవడం ప్రమాదం. షుగర్‌లో మందమైన గోడ ప్లాస్మా ప్రొటీన్‌లను పీల్చుకుంటుంది; ఐజీజీ గీతలా మెరుస్తుంది, ఆల్బుమిన్ కూడా అలాగే మెరుస్తుంది. ఆల్బుమిన్ లేకుండా ఐజీజీ మాత్రమే గట్టిగా గీతలా ఉండి, క్రెసెంట్‌లు కూడా ఉంటే యాంటీ జీబీఎం జబ్బు (గ్లోమెరులస్ బేస్‌మెంట్ మెంబ్రేన్ మీద సొంత యాంటీబాడీలు దాడిచేసేది) వైపు ఆలోచించాలి. షుగర్ పీల్చుకున్న ఐజీజీతో కప్పా, లాంబ్డా రెండూ సమానంగా వస్తాయి. ఒకటి మెరిసి రెండోది పూర్తిగా చీకటిగా ఉంటే అది పీల్చుకోవడం కాదు, ఒకే క్లోన్ తయారుచేసిన ప్రొటీన్.

లాంబ్డా నెగెటివ్ అనే ముందు ఆ స్లైడు పనిచేసిందో లేదో చూడాలి. అందుకు కంట్రోల్ ఆ స్లైడులోనే ఉంటుంది. ట్యూబ్యూల్ కణాలు తిరిగి పీల్చుకున్న ప్రొటీన్ బొట్లు, ఉన్నచోట కాస్ట్‌లు, కప్పాకూ లాంబ్డాకూ మెరవాలి. ఇక్కడ లాంబ్డా బొట్లు చక్కగా వచ్చాయి, అంటే యాంటీబాడీ మంచిదే, గోడ మీద లాంబ్డా నిజంగానే లేదు.

ఫ్రోజెన్ ముక్కలో గ్లోమెరులస్ ఒక్కటీ దొరకకపోయినా ఈ జబ్బును వదలనక్కర్లేదు. ట్యూబ్యూల్స్ ఉంటే చాలు, మెడుల్లా అయినా సరే. దీన్ని పట్టుకోవడానికి ట్యూబ్యూల్ గోడే అన్నిటికంటే నమ్మకమైన చోటు. ఫ్రోజెన్ ముక్క అసలే లేకపోతే పారఫిన్ సెక్షన్‌ను ప్రొనేస్‌తో జీర్ణం చేసి ఫ్లోరెసెన్స్ వేయవచ్చు. సున్నితత్వం అంత ఉండదు గానీ పూర్తిగా చేతులెత్తేయడం కంటే చాలా మేలు. ఇంకో మెలిక ఉంది: కప్పా, లాంబ్డా రెండూ నెగెటివ్‌గా ఉండి ఐజీజీ మాత్రమే ట్యూబ్యూల్ గోడ మీద గీతలా వస్తే హెవీ చెయిన్ జబ్బు అయ్యుండవచ్చు. అప్పుడు ఐజీజీ సబ్‌క్లాసులు వేసి ఒక్కటే ఉందేమో చూడాలి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ

రెండు గ్లోమెరులస్‌లు చూశారు. గ్లోమెరులస్ బేస్‌మెంట్ మెంబ్రేన్ లోపలి అంచున, అంటే ఎండోథీలియం వైపు, మెత్తటి నల్లపొడి చల్లినట్టు సన్నటి డిపాజిట్ ఒక పట్టీగా ఉంది. నాడ్యూల్స్‌లో అదే పొడి. ట్యూబ్యూల్స్ దగ్గర లెక్క తిరగబడింది: పొడి గోడ బయటి అంచున, ఇంటర్‌స్టీషియం వైపు చేరింది. ఫైబ్రిల్స్ (సన్నటి నారలు) లేవు. ఫుట్ ప్రాసెస్‌లు (గోడను బయటి నుంచి కప్పే కణాల పాదాలు) చాలా మేర చదునయ్యాయి.

ఫైబ్రిల్స్ ఉంటే కొలత తీయడం తప్పనిసరి. అమైలాయిడ్ ఫైబ్రిల్ 8–12 నానోమీటర్లు, కొమ్మలు లేకుండా చిందరవందరగా ఉంటుంది. ఫైబ్రిలరీ గ్లోమెరులోనెఫ్రైటిస్‌లో అంతకంటే లావు, ఎక్కువగా 20 నానోమీటర్ల చుట్టుపక్కల. 2018 నుంచి డీఎన్ఏజేబీ9 ఇమ్యునోస్టెయిన్ దీన్ని తేల్చేస్తోంది. ఇమ్యునోటాక్టాయిడ్‌లో 30 నానోమీటర్లు దాటిన గొట్టాలు, మధ్యలో బోలుగా, సమాంతరంగా పేర్చి ఉంటాయి. ముదిరిన షుగర్ మెసాంజియంలో కూడా ఫైబ్రిల్స్‌లాంటివి కనబడి తికమక పెడతాయి; కాంగో రెడ్, ఫ్లోరెసెన్స్ ఫలితం పక్కన పెట్టుకోకుండా ఒక్క ఫోటో చూసి పేరు పెట్టకూడదు.

గ్లోమెరులస్ బేస్‌మెంట్ మెంబ్రేన్ మందం కూడా కొలిచారు. డయాబెటిక్ నెఫ్రోపతీకి 2010లో వచ్చిన వర్గీకరణలో మొదటి క్లాసుకి పురుషుల్లో 430, స్త్రీలలో 395 నానోమీటర్లు దాటాలి. ఈ రోగిలో డిపాజిట్ లేని చోట్ల కొలిస్తే 410. అంటే షుగర్ వల్ల గోడ కూడా చెప్పుకోదగ్గంత మందం కాలేదు. గోడ మామూలుగా ఉండి నాడ్యూల్స్ మాత్రం షుగర్‌వి అనడం కుదరదు.

రిపోర్టు, ఆ తర్వాత

రిపోర్టులో రాసిన నిర్ధారణ: మోనోక్లోనల్ ఇమ్యునోగ్లోబ్యులిన్ డిపాజిషన్ డిసీజ్, లైట్ చెయిన్ రకం, కప్పా. దానికింద నోట్: షుగర్ జబ్బు లక్షణాలు సరిపడా లేవు, కాంగో రెడ్ నెగెటివ్, కాస్ట్ నెఫ్రోపతీ లేదు, ఫైబ్రోసిస్ 30 శాతం, సీరం ఫ్రీ లైట్ చెయిన్, సీరం, మూత్రం ఇమ్యునోఫిక్సేషన్ (మోనోక్లోనల్, అంటే ఒకే క్లోన్ తయారుచేసిన, ప్రొటీన్‌ను గుర్తించే పరీక్ష), బోన్ మ్యారో పరీక్ష వెంటనే చేయాలి. కాంగో రెడ్ నెగెటివ్ అన్న వాక్యాన్ని ఎప్పుడూ వదలకూడదు, హెమటాలజిస్టు మొదట వెతికేది దాన్నే.

ఫ్లోరెసెన్స్ చూసిన రోజే నెఫ్రాలజిస్టుకు ఫోన్‌లో చెప్పారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కోసం ఆగలేదు. ఆ రోజు పంపిన రక్తంలో ఫ్రీ కప్పా లీటరుకు 412 మి.గ్రా., ఫ్రీ లాంబ్డా 21, నిష్పత్తి 19.6. మామూలు నిష్పత్తి 0.26–1.65. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో రెండు రకాలూ రక్తంలో పేరుకుంటాయి, కప్పా కాస్త ఎక్కువగా మిగులుతుంది కాబట్టి వారికి 0.37–3.1 వరకు ఒప్పుకుంటాం. 19.6 ఆ హద్దుకు ఎంతో దూరం. బోన్ మ్యారోలో ప్లాస్మా కణాలు 8 శాతం, అన్నీ కప్పా. కాల్షియం మామూలు, ఎముకల్లో గుల్లలు లేవు. మైలోమా అనడానికి క్లోన్ సరిపోదు, కానీ కిడ్నీని దెబ్బతీస్తోంది. ఇలాంటి దశకు 2012 నుంచి ఎంజీఆర్ఎస్ (మోనోక్లోనల్ గమ్మోపతీ ఆఫ్ రీనల్ సిగ్నిఫికెన్స్) అనే పేరు ఉంది. ఎంజీయూఎస్ (మోనోక్లోనల్ ప్రొటీన్ ఉన్నా అవయవాలకు హాని లేని దశ) అని రాసి ఏడాదికోసారి పరీక్ష చాలు అనుకుంటే కిడ్నీ మిగలదు.

మొదటి ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎం బ్యాండ్ ఎందుకు దొరకలేదన్న ప్రశ్న వచ్చింది. విడి లైట్ చెయిన్ చిన్న ప్రొటీన్, రక్తంలో బ్యాండ్ కట్టేంత మోతాదులో నిలవకపోవచ్చు. ఎలక్ట్రోఫోరెసిస్ ఒక్కటే చేసి మోనోక్లోనల్ ప్రొటీన్ లేదని తేల్చడం వల్లే ఈ జబ్బు చాలాసార్లు తప్పిపోతుంది. ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చెయిన్ కూడా కలిపి అడగాలి.

చికిత్స బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్‌తో మొదలైంది. డెక్సామెథసోన్ ఇచ్చే రోజుల్లో షుగర్ పెరుగుతుంది కాబట్టి ఇన్సులిన్ చేర్చారు. ఆరు నెలలకు ఫ్రీ కప్పా లీటరుకు 30 మి.గ్రా.కి, ప్రొటీన్ రోజుకు 1.4 గ్రాములకు, క్రియాటినిన్ 2.2కి దిగాయి. ప్రొటీన్ తగ్గడం నెమ్మదిగానే సాగుతుంది. చేరిన డిపాజిట్ కరగడానికి సమయం పడుతుంది, పైగా 30 శాతం ఫైబ్రోసిస్ వెనక్కి రాదు. అందుకే మందు పనిచేస్తోందా లేదా అని తేల్చేది మొదట ఫ్రీ లైట్ చెయినే, మూత్రంలో ప్రొటీన్ కాదు.

స్టెయిన్ చేయకుండా ఉంచిన ఆరు స్లైడుల్లో నాలుగు ఇంకా మిగిలే ఉన్నాయి. బ్లాకుతో పాటు వాటినీ భద్రం చేశారు. ఈ రోగికి ముందుముందు కిడ్నీ మార్పిడి అవసరమైతే, క్లోన్ అదుపులో లేకుండా కొత్త కిడ్నీ పెడితే అందులోనూ ఇదే కప్పా చేరుతుంది. అప్పటి బయాప్సీని పోల్చి చూడటానికి ఈ స్లైడులే కావాలి.